ఇపా గ్రాంట్ కాల్ మీ నెత్తిన పడితే: కాన్సెప్ట్ నోట్ నుంచి ఆఖరి బిల్లు దాకా

పోయిన నెల మన గుంటూరు కుర్రాడొకడు ఫోన్ చేశాడు. బుడాపెస్ట్‌లో మాస్టర్స్ చేసి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో ఓ చిన్న ఎన్జీవోలో చేరాడు, చేరి రెండు నెలలు కూడా కాలేదు, వాళ్ల డైరెక్టరమ్మ ఓ ఇపా గ్రాంట్ కాల్ (ప్రాజెక్టులు పంపండి, నచ్చితే డబ్బిస్తాం అనే ప్రకటన) గైడ్‌లైన్స్ ఫైల్ ఒకటి మెయిల్ చేసి "కాన్సెప్ట్ నోట్ నువ్వు రాసెయ్, ఇంకా మూడు వారాలుంది" అందట (ప్రాజెక్ట్ ఆలోచన క్లుప్తంగా చెప్పే కాగితమే కాన్సెప్ట్ నోట్). అన్నా ఇపా అంటే ఏంటి, లాగ్‌ఫ్రేమ్ ఏంటి, ఎక్కడ మొదలెట్టాలి, అంతా ఒకటే కంగారు. నేను ఇదే ఊళ్లో ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నా, గంటన్నర మాట్లాడాక నోరు నొప్పెట్టింది, ఇంతకు ముందు టిరానాలో ఒకమ్మాయికి, బెల్‌గ్రేడ్‌లో ఇంకొకతనికి కూడా ఇదే పురాణం చెప్పానని గుర్తొచ్చి, సరే ఒకసారి రాసి పడేద్దాం అని కూర్చున్నా.

ఇపా అంటే యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి లైన్లో నిలబడ్డ దేశాలకి, చేరకముందే ఇచ్చే డబ్బు. ఇప్పుడు లిస్టులో ఉన్నవి అల్బేనియా, బోస్నియా, కొసోవో, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా, సెర్బియా, తుర్కియే. ఇది మూడో విడత, 2021 నుంచి 2027 దాకా, మొత్తం 14.16 బిలియన్ యూరోలు. మొదటి విడత 2007లో మొదలైంది, క్రొయేషియా ఆ డబ్బు తీసుకుంటూ తీసుకుంటూనే 2013 జులై 1న లోపలికి వెళ్లిపోయింది. అంతకు ముందు ఫారే అని ఉండేది, 1989లో పోలండ్, హంగరీల కోసం పెట్టారు, తర్వాత మిగతా తూర్పు యూరప్‌కి కూడా పాకింది. వ్యవసాయానికి సపార్డ్, రోడ్లకీ పర్యావరణానికీ ఇస్పా అని వేరే ఉండేవి, అవన్నీ కలిపి ఇపా చేశారు. చరిత్ర ఇంత చాలు.

అసలు ఎక్కించుకోవాల్సింది ఒకటుంది. ఇది సాయం కాదు. మనవాళ్లకి ఫారిన్ ఫండ్ అనగానే పేదరికం, బోరుబావి, కుట్టుమిషన్లు గుర్తొస్తాయి, ఆ ధోరణిలో రాస్తే మొదటి రౌండ్‌లోనే ఎగిరిపోతారు. పెళ్లికి ముందు అమ్మాయి తరఫువాళ్లు వచ్చి ఇల్లు చూసి "ఈ గోడ కట్టండి, ఆ బాత్రూం బాగుచెయ్యండి, సగం ఖర్చు మేం పెట్టుకుంటాం" అన్నట్టు ఉంటుంది వ్యవహారం. గోడ కట్టకపోతే డబ్బు ఆగిపోద్ది. నిజంగానే ఆగింది కూడా. బల్గేరియా 2007 జనవరి 1నే మెంబర్ అయిపోయింది, కానీ చేరకముందు శాంక్షనైన ఫారే డబ్బు ఇంకా ఖర్చవుతా ఉంది, అందులో మోసాలు బయటపడి 2008 జులైలో యూరోపియన్ కమిషన్ (ఈయూ పాలనా యంత్రాంగం) పేమెంట్లు ఆపేసింది, ఆ డబ్బు నడిపే రెండు ఏజెన్సీల గుర్తింపు తీసేసింది, నవంబర్ వచ్చేసరికి 220 మిలియన్ యూరోలు శాశ్వతంగా పోయాయి. బోస్నియాది ఇంకో కథ. సెయ్‌దిచ్, ఫిన్సీ అని ఇద్దరు కోర్టుకెక్కారు, ఒకాయన రోమా అనే మైనారిటీ జాతి, ఇంకొకాయన యూదు. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం ప్రెసిడెన్సీకి బోస్నియాక్, సెర్బ్, క్రొయాట్ అనే మూడు జాతులవాళ్లు తప్ప వేరేవాళ్లు నిలబడకూడదు, స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు 2009 డిసెంబర్‌లో అది వివక్షే అని తీర్పిచ్చింది, నాయకులు ఏళ్లు గడిచినా రాజ్యాంగం మార్చలేదు, దాంతో 2013 కేటాయింపులో 45 మిలియన్లు కోసేశారు. కాబట్టి మీ చిన్న ప్రాజెక్ట్ రాసేటప్పుడు కూడా డబ్బిచ్చేవాళ్ల బుర్రలో తిరిగే ప్రశ్న ఒక్కటే, ఈ పని వల్ల ఈ దేశం మెంబర్ అవ్వడానికి ఏ ముక్క ముందుకి జరుగుతుంది అని.

ముందు ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందో చూస్కోండి

కాల్ చేతికి రాగానే అందరూ ఎంత ఇస్తారో చూస్తారు, మీరు కాంట్రాక్టింగ్ అథారిటీ (మీతో సంతకం పెట్టి డబ్బిచ్చే ఆఫీసు) ఎవరో చూడండి. ఎందుకంటే ఒకే ఇపా డబ్బు నాలుగైదు గుమ్మాల్లోంచి వస్తుంది, గుమ్మాన్ని బట్టి మర్యాదలు మారతాయి.

ఒకటి, ఆ దేశంలో ఉండే ఈయూ డెలిగేషన్, అంటే ఈయూ రాయబార ఆఫీసు, తనే కాల్ వేసి తనే సంతకం పెట్టేది. ఎన్జీవోలకి వచ్చేవి ఎక్కువగా ఇవే. రెండోది ఆ దేశ ప్రభుత్వం చేతిలో పెట్టి నడిపించేది, దీనికి ఆర్థిక శాఖలో ఒక యూనిట్ ఉంటుంది, సెర్బియాలో సీఎఫ్‌సీయూ, ఇక్కడ మాసిడోనియాలో సీఎఫ్‌సీడీ. వీళ్లతో పని కాస్త నెమ్మది, ఎందుకంటే వాళ్లు రాసిన కాగితాన్ని చాలాసార్లు డెలిగేషన్ కూడా ముందే చూసి ఓకే అనాలి, నాలుగు కళ్లు కాదు ఎనిమిది కళ్లు. మూడోది ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి వాళ్ల యూఎన్‌డీపీ, జర్మనీ ప్రభుత్వ అభివృద్ధి సంస్థ జీఐజెడ్ లాంటివాళ్లకి గుత్తగా ఇచ్చేస్తే వాళ్లు కింద చిన్న గ్రాంట్లు పంచుతారు, అప్పుడు రూల్స్ వాళ్లవి. ఇవి కాక సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ఊళ్లు కలిసి చేసే ఇంటర్‌రెగ్ కాల్స్ ఉన్నాయి, బల్గేరియా–మాసిడోనియా, గ్రీస్–అల్బేనియా అలా, వాటికి అవతలి దేశంలో పార్టనర్ కచ్చితంగా కావాలి. ట్విన్నింగ్ అనే మాట కనపడితే మాత్రం ఆశపడకండి, అది మెంబర్ దేశాల గవర్నమెంట్ ఉద్యోగులు వచ్చి ఇక్కడి గవర్నమెంట్ ఉద్యోగుల పక్కన కూర్చుని నేర్పించేది, ఎన్జీవోలకీ కంపెనీలకీ అందులో చోటు లేదు.

ఈ మూడో విడతలో దేశానికింత అని కోటా ముందే రాసివ్వలేదు, ఐదు విండోలు, అంటే అంశాల వారీ విభాగాలు, పెట్టారు: చట్టబద్ధ పాలన, హక్కులు ఒకటి, పరిపాలన, ఈయూ చట్టాలకి సర్దుకోవడం ఒకటి, పర్యావరణం, రవాణా కనెక్టివిటీ ఒకటి, ఉపాధి, పోటీతత్వం ఒకటి, సరిహద్దు సహకారం ఒకటి. మీ కాల్ ఏ విండోలో ఉందో గైడ్‌లైన్స్ మొదటి పేజీల్లోనే ఉంటుంది, అది ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అతికించుకోండి, నవ్వులాటకి చెప్పట్లా.

రైతుల డబ్బు వేరే లెక్క

ఎవరైనా "మా ఇంటి ఓనర్‌కి ఆవులున్నాయి, ఇపా వస్తుందా" అని అడిగితే అది ఇపార్డ్, అంటే ఇపాలో వ్యవసాయానికీ పల్లెలకీ ఉన్న భాగం. ఇది మన దగ్గర బ్యాంకువాళ్లు చెప్పే బ్యాక్ ఎండెడ్ సబ్సిడీకి అన్నదమ్ముడు. రైతు ముందు అప్లై చెయ్యాలి, కాంట్రాక్ట్ సంతకం అవ్వాలి, ఆ తర్వాత తన జేబులోంచో బ్యాంకు అప్పుతోనో మొత్తం పెట్టి మిషన్ కొనాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, అప్పుడు అర్హత ఉన్న ఖర్చులో ఓ 60 శాతం దగ్గర తిరిగొస్తుంది, కుర్ర రైతైతే, కొండ ప్రాంతమైతే కాస్త ఎక్కువ, ప్రాసెసింగ్ యూనిట్‌కి కాస్త తక్కువ. వచ్చే సబ్సిడీలో మూడొంతులు ఈయూది, ఒక వంతు ఆ దేశ ఖజానాది. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కుదరదు, పశువులు కొంటానంటే కుదరదు, కాంట్రాక్ట్‌కి ముందు కొన్నది కుదరదు, పెద్ద ఐటమ్ దేనికైనా ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు కొటేషన్లు కావాలి (బావమరిది షాపు కొటేషన్ పెట్టి దొరికిపోయేవాళ్లు ఇక్కడా ఉన్నారు, ఆ విషయంలో ప్రపంచమంతా ఒకటే). ఆఖరి పేమెంట్ తర్వాత ఐదేళ్లు ఆ మిషన్ అమ్మకూడదు, వేరే పనికి మార్చకూడదు. బోస్నియాకైతే ఈ గుమ్మం ఇన్నేళ్లూ మూసే ఉంది, ఎందుకంటే దేశం మొత్తానికి కలిపి ఒక వ్యవసాయ శాఖే లేదు అక్కడ.

సరే మన ఎన్జీవో కాల్ దగ్గరికొద్దాం.

గైడ్‌లైన్స్ ఎలా చదవాలి

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవకండి, నిద్రొస్తుంది. ముందు అర్హత సెక్షన్‌కి వెళ్లండి. లీడ్ అప్లికెంట్ (ముందుండి దరఖాస్తు పెట్టే సంస్థ) ఎవరు కావచ్చు, రిజిస్టరై ఎన్నేళ్లుండాలి, కో-అప్లికెంట్ (కలిసి దరఖాస్తు చేసే తోడు సంస్థ) తప్పనిసరా కాదా. తర్వాత గ్రాంట్ కనిష్టం గరిష్టం ఎంత, ప్రాజెక్ట్ ఎన్ని నెలలు, మొత్తం ఖర్చులో ఈయూ ఎంత శాతం ఇస్తుంది. ఈ నాలుగైదు అంకెల్లో ఒక్కటి తేడా కొట్టినా మిగతా ఏదీ చదవరు. గరిష్టం 2,00,000 అంటే 2,00,001 అడిగినా అవుట్.

ఓపెన్ కాలా, రిస్ట్రిక్టెడ్ కాలా అన్నది తర్వాత. ఓపెన్ అయితే కాన్సెప్ట్ నోట్, ఫుల్ అప్లికేషన్ రెండూ ఒకేసారి పంపాలి, మామూలుగా 90 రోజులిస్తారు. రిస్ట్రిక్టెడ్ అయితే ముందు కాన్సెప్ట్ నోట్ ఒకటే, 45 రోజులు, అందులో గట్టెక్కినవాళ్లని పిలిచి ఫుల్ అప్లికేషన్ అడుగుతారు. మా కుర్రాడికి మూడు వారాలే మిగిలాయంటే మిగతా మూడున్నర వారాలు ఆ మెయిల్ డైరెక్టరమ్మ ఇన్‌బాక్స్‌లో నిద్రపోయిందన్నమాట, ఇది కూడా అన్ని దేశాల్లో ఒకటే. ఇంకో సంగతి, డౌట్లుంటే రాతపూర్వకంగా అడగొచ్చు, డెడ్‌లైన్‌కి 21 రోజుల ముందు దాకా మాత్రమే, 11 రోజుల ముందుకల్లా జవాబులన్నీ అందరికీ కనపడేలా పెడతారు. ఆ జవాబుల ఫైల్ తప్పక చదవండి, వేరేవాళ్లు అడిగిన ప్రశ్నల్లో మీ తప్పులు కనపడతాయి. "అర్హులమా కాదా చెప్పండి" అని మీ సంస్థ పేరు పెట్టి అడిగితే మాత్రం చెప్పరు, ఊరికే టైం వేస్ట్.

సంస్థకి ఈయూ పోర్టల్‌లో 9 అంకెల పిక్ నంబర్ (సంస్థ గుర్తింపు నంబర్) ఉందో లేదో ఆ రోజే చూడండి. ఉన్నా సరే, పాస్‌వర్డ్ నాలుగేళ్ల కింద మానేసి వెళ్లిపోయిన ఎవరో ఒకమ్మాయి మెయిల్‌కి ముడిపడి ఉంటుంది, రాసి పెట్టుకోండి.

కాన్సెప్ట్ నోట్ రాయడానికి ముందు ఒక రిపోర్ట్ చదవాలి

ఇది చాలామంది చెయ్యరు, అందుకే ఓడిపోతారు. ప్రతి ఏడూ శరదృతువులో కమిషన్ ఒక్కో దేశం మీద ఒక రిపోర్ట్ వదుల్తుంది. అందులో చేరికకి సంబంధించిన 35 చాప్టర్లు (ఒక్కో అంశానికి ఒకటి), వాటిలో 33 చాప్టర్లని ఆరు క్లస్టర్లుగా కట్టారు, ఒక్కో చాప్టర్‌కి ఈ దేశం ఎక్కడుంది, ఈ ఏడాది ఎంత కదిలింది, వచ్చే ఏడాది ఏం చెయ్యాలి అని ఉంటుంది. అందులో భాష చూస్తే పైపైకి మర్యాదగా రాసినట్టు ఉంటుంది కానీ అవి గ్రేడ్లు. "తొలి దశ", "కొంత సన్నద్ధత", "ఓ మోస్తరు సన్నద్ధత", "మంచి సన్నద్ధత", "బాగా ముందుకెళ్లింది", ఇలా మెట్లు. పురోగతికి కూడా అంతే, "లేదు", "పరిమితం", "కొంత", "మంచి". మన స్కూల్ ప్రోగ్రెస్ కార్డులో "పర్వాలేదు" అంటే ఏంటో మనకి తెలిసినట్టే, ఇక్కడి మంత్రులకి ఆ మాట ఏంటో తెలుసు, రిపోర్ట్ వచ్చిన రోజు టీవీలన్నిట్లో అదే. మాసిడోనియా 2005 డిసెంబర్ నుంచి క్యాండిడేట్, గ్రీస్‌తో పేరు గొడవ తీరి 2019లో పేరు ముందు ఉత్తర తగిలించుకుంది, ఆ తర్వాత ఫ్రాన్స్ ఆపింది, బల్గేరియా ఆపింది, చర్చలు 2022 జులైలో గానీ మొదలవలేదు. ఇరవై ఏళ్లుగా ప్రోగ్రెస్ కార్డు తెచ్చుకుంటున్న పిల్లాడు ఎలా ఉంటాడో ఇక్కడి ఆఫీసర్లు అలా ఉంటారు, వాళ్లతో మాట్లాడేటప్పుడు కాస్త జాలి ఉంచుకోండి.

మీ పని, మీ ప్రాజెక్ట్‌కి తగిలే చాప్టర్‌లోని సిఫార్సు ఒకటి పట్టుకుని, దాన్ని మీ మొదటి పేరాలో కట్టెయ్యడం.

ఉదాహరణ చెప్తా, ఊహించుకున్నదే. సెప్టెంబర్‌లో ఇక్కడికి వస్తే వీధి వీధికీ ఎర్ర మిరపకాయలు, అంటే మన కారం మిరప కాదు లావు తియ్య మిరప, నిప్పుల మీద కాలుస్తుంటారు, తొక్క ఒలిచి, గంటల తరబడి పెద్ద గిన్నెలో కలియబెట్టి ఐవార్ అని పచ్చడి చేసి సీసాల్లో పెడతారు, వాసనకి నాకైతే ఇంట్లో అమ్మ గోంగూర ఉడికిస్తున్నప్పటి రోజులే గుర్తొస్తాయి. స్ట్రుమిత్సా వైపు ఓ నలభై మంది ఆడవాళ్లు ఇలా చేసి అమ్ముకుంటున్నారు, వాళ్లతో మీ ఎన్జీవో పని చేయాలనుకుంటోంది అనుకుందాం. మామూలుగా వచ్చే మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది: "గ్రామీణ మహిళల ఆర్థిక సాధికారత పెంపొందించి సమ్మిళిత అభివృద్ధికి దోహదపడటం ఈ ప్రాజెక్ట్ లక్ష్యం." ఈ వాక్యం ఏ దేశంలో, ఏ ఏడాదిలో, ఏ పచ్చడికైనా సరిపోతుంది. చదివి మార్కులేసే అసెసర్ ఆ రోజు ఇలాంటివి పదో పదిహేనో చదివుంటాడు.

ఇప్పుడిది చూడండి: "ఈ 40 మందిలో ఒక్కరికీ ఆహార తయారీదారుగా రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి రోడ్డు పక్కన తప్ప ఏ షాపులోనూ అమ్మలేరు. ఆహార భద్రత చాప్టర్‌లో కమిషన్ అడుగుతున్న పరిశుభ్రత ప్రమాణాలు చిన్న తయారీదారుల దాకా రావాలంటే ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో మాకు తెలుసు, 18 నెలల్లో 25 మందిని రిజిస్టర్ చేయిస్తాం, అది చెయ్యడంలో ఇన్‌స్పెక్టర్ ఆఫీసు ఎక్కడ అడ్డుపడుతోందో రాసి మంత్రిత్వ శాఖకి ఇస్తాం." ఇదే ఆడవాళ్లు, ఇదే పచ్చడి, కానీ ఇప్పుడది చేరిక పనిలో భాగమైపోయింది, లెక్క ఉంది, గడువుంది, ఎవరి తలుపు కొడతారో ఉంది.

కాన్సెప్ట్ నోట్‌కి 50 మార్కులు, 30 రాకపోతే అక్కడితో సరి. 30 వచ్చినా నిలిచినట్టు కాదు, ఉన్న బడ్జెట్‌కి రెట్టింపో ఎంతో వచ్చేదాకా పైనుంచి కిందకి లిస్ట్ కోస్తారు. ఐదు పేజీల్లో ముగించమంటారు, ఫాంట్ తగ్గించి ఇరికించే తెలివి అందరికీ ఉంది, వద్దు. ఫుల్ అప్లికేషన్ 100కి, అందులో మీ సంస్థ సత్తాకి 20, ఆ ఇరవైలో 12 కన్నా తక్కువొస్తే మిగతా 80లో ఎంతొచ్చినా లాభం లేదు. చిన్న సంస్థలు చచ్చేది ఇక్కడే. కాబట్టి కాస్త పెద్ద అనుభవమున్న సంస్థని లీడ్‌గా పెట్టి మీరు కో-అప్లికెంట్‌గా దూరండి మొదటిసారి, ఇందులో నామోషీ ఏం లేదు.

లాగ్‌ఫ్రేమ్ (పనులు, ఫలితాలు, వాటి రుజువులు ఒకే పట్టికలో చూపించే కాగితం) గురించి పుస్తకాలు రాశారు, నేను రెండు మాటలే చెప్తా. మీరు చేసేది అవుట్‌పుట్, దానివల్ల వేరేవాళ్లలో వచ్చే మార్పు అవుట్‌కమ్. ట్రైనింగ్ ఇవ్వడం అవుట్‌పుట్, రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం అవుట్‌కమ్. ప్రతి సూచికకీ ఇప్పుడెంత, చివరికెంత, ఏ కాగితం చూపించి రుజువు చేస్తారు అన్న మూడు గళ్లు నింపాలి, మూడో గడిలో "సర్వే" అని రాసి బడ్జెట్‌లో సర్వేకి డబ్బు పెట్టకపోతే అసెసర్ పట్టేస్తాడు.

బడ్జెట్, అంటే అసలు కథ

ఇక్కడ నిదానంగా వెళ్దాం. మన పచ్చడి ప్రాజెక్టే తీసుకోండి. జీతాలు, ప్రయాణాలు, ట్రైనింగ్ హాలు, ల్యాబ్ టెస్టులు, అనువాదాలు అన్నీ కలిపి డైరెక్ట్ ఖర్చు 1,80,000 యూరోలు అనుకుందాం. దీని మీద ఆఫీసు అద్దె, కరెంటు, అకౌంటెంట్ టీ ఖర్చు లాంటి ఇన్‌డైరెక్ట్ కాస్ట్స్‌కి గరిష్టంగా 7 శాతం ఫ్లాట్‌గా పెట్టుకోవచ్చు, బిల్లులు అడగరు, 12,600. (అనుకోని ఖర్చుల రిజర్వ్ అని 5 శాతం దాకా పెట్టొచ్చు కానీ వాళ్ల అనుమతి లేకుండా ముట్టుకోలేం, అందుకే ఈ లెక్కలో వదిలేస్తున్నా.) మొత్తం 1,92,600. ఈయూ 90 శాతం ఇస్తే 1,73,340, మీ వాటా 19,260.

మీ వాటా అంటే మీ వాలంటీర్ల శ్రమ, మీ ఆఫీసు కుర్చీలు అని లెక్క చూపిద్దామనుకుంటారు, కాల్‌లో ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప కుదరదు, నగదు కావాలి.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని సంగతి. కాంట్రాక్ట్ కాగానే మొదటి 12 నెలల బడ్జెట్‌లో ఈయూ వాటా ముందే పంపుతారు, బ్యాంకులో పడ్డ రోజు ఆఫీసులో కేకు కోస్తారు. కానీ ముందస్తుగా ఇచ్చే మొత్తం ఎప్పుడూ గ్రాంట్‌లో 90 శాతం దాటదు. మిగతా 10 శాతం, మన లెక్కలో 17,334 యూరోలు, పని మొత్తం అయిపోయి, ఆఖరి రిపోర్ట్ ఇచ్చి, ఆడిటర్ చూసి, వాళ్లు ఓకే అన్నాక వస్తుంది, నెలలు పడుతుంది. అంటే మీ వాటా 19,260, ఈ ఆగిపోయిన 17,334, రెండూ కలిపి 36,594 యూరోలు మీ సంస్థ దగ్గర ఎక్కడో ఉండాలి, ఇక్కడి దెనార్లలో 22 లక్షలపైన. నలుగురు పనిచేసే ఎన్జీవోకి అది ఏడాది జీతం. గెలిచి మునిగిపోయిన సంస్థల్ని చూశాను, ఓడిపోయి మునిగినవాటిని చూళ్లేదు. అప్లై చెయ్యక ముందే డైరెక్టర్‌ని కూర్చోబెట్టి ఈ ఒక్క అంకె చూపించండి.

ఇంకా కొన్ని. రెండో విడత డబ్బు అడగాలంటే మొదటి దాంట్లో 70 శాతం ఖర్చయి ఉండాలి, లేదంటే కోత పడుతుంది. ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కి 25 శాతం లోపు జరుపుకోవచ్చు, కాంట్రాక్ట్ మార్చక్కర్లేదు, కానీ ఆ జరపడం వల్ల ప్రాజెక్ట్ ఉద్దేశం మారకూడదు. వ్యాట్ దగ్గర జాగ్రత్త, ఇపా డబ్బుతో ఈ దేశాల్లో పన్ను కట్టకూడదని ఒప్పందమే ఉంది, అందుకే మినహాయింపు కాగితం ముందు తెచ్చుకుని సప్లయర్‌కి చూపించి వ్యాట్ లేని బిల్లు తీస్కోవాలి, ముందు వ్యాట్ కట్టేసి తర్వాత చూద్దాంలే అంటే ఆ డబ్బు మీ జేబుదే. మీరు కింద చిన్న గ్రూపులకి డబ్బు పంచే ప్లాన్ ఉంటే మామూలుగా ఒక్కొక్కరికి 60,000 యూరోలు దాటకూడదు, అదీ కాల్ ఒప్పుకుంటేనే. మాంటెనెగ్రో, కొసోవోల్లో యూరోనే నడుస్తుంది కాబట్టి వాళ్లు అదృష్టవంతులు, మిగతావాళ్లం కాంట్రాక్ట్‌లో ఏ మారకపు రేటు వాడమన్నారో చూసుకుని మార్చుకోవాలి, సొంతంగా వేరే రేటు వేస్తే ఆడిటర్ ఎర్ర పెన్ను తీస్తాడు.

గెలిచాక

టైమ్‌షీట్లు. ఇంకేం చెప్పకపోయినా ఇది చెప్పాలి. నేను చేసిన మొదటి ప్రాజెక్ట్‌లో అందరి టైమ్‌షీట్లు నెలాఖరులో ఎక్సెల్‌లో నేనే లాగేసేవాణ్ని, 8, 8, 8, 8 అని కిందదాకా డ్రాగ్, శని ఆదివారాలు తీసేసి ప్రింట్, సంతకాలు. ఏడాది తర్వాత ఆడిటర్ వచ్చాడు, చాలా మర్యాదస్తుడు, కాఫీ తాగుతూ ఆగస్టు షీట్ తీసి, 2వ తేదీ మీద వేలు పెట్టి, "ఇలిందెన్ నాడు కూడా మీవాళ్లు ఎనిమిది గంటలు పనిచేశారా, గొప్ప దేశభక్తులు" అన్నాడు. ఆగస్టు 2 ఇక్కడ జాతీయ పండుగ. ఆరుగురి సంతకాలున్నాయి దాని మీద. ఆ ఒక్కరోజు జీతం పోతే పోయింది, దాని తర్వాత మిగతా పదకొండు నెలల షీట్లు ఒక్కోటీ హోటల్ బిల్లులతో, లీవ్ లెటర్లతో, బోర్డింగ్ పాసులతో పక్కపక్కన పెట్టి చూశాడు, నేను మూడు రోజులు అన్నం తినలేదు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరిది వాళ్లే నింపుతారు, ఏం పని చేశారో ఒక లైను రాస్తారు, నేను డ్రాగ్ చెయ్యడం మానేశా.

ప్రతి ఖర్చుకీ ఒక గుత్తి ఉండాలి: ఎందుకు కొన్నాం, ఎవరెవర్ని అడిగాం, ఎందుకు వీళ్లనే ఎంచుకున్నాం, కాంట్రాక్ట్, బిల్లు, అందినట్టు కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్. ట్రైనింగ్ అయితే అటెండెన్స్ షీట్, ఫోటో. ఆ ఫోటోలో వెనక ఈయూ జెండా, పక్కన నిధులిచ్చింది ఈయూ అనే వాక్యం కనపడాలి, మీ లోగో దానికన్నా పెద్దగా ఉండకూడదు. ఆఖరి పేమెంట్ తర్వాత కూడా ఐదేళ్లు ఇవన్నీ దాచాలి, థర్మల్ పేపర్ మీద వచ్చే పెట్రోల్ బిల్లులు ఆరు నెలల్లో తెల్లకాగితం అయిపోతాయి కాబట్టి అదే రోజు జిరాక్స్ తీయండి. లక్ష యూరోలు దాటిన గ్రాంట్‌కి ఖర్చుల వెరిఫికేషన్ రిపోర్ట్ ఇవ్వాలి, ఆ ఆడిటర్ ఫీజు బడ్జెట్‌లో పెట్టడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను ఒకసారి.

మన పాస్‌పోర్ట్ సంగతి

ఇది చాలామంది అడుగుతారు. ఇండియాలో రిజిస్టరైన కంపెనీ, సొసైటీ మామూలుగా ఈ టెండర్లకీ గ్రాంట్లకీ అర్హత లిస్టులో ఉండదు, హైదరాబాద్‌లో కూర్చుని మన ఫర్మ్ తరఫున వేద్దాం అనుకుంటే దండగ. కానీ అర్హత ఉన్న సంస్థ తీసుకునే నిపుణుడు ఏ దేశం వాడైనా ఫర్వాలేదు. అందుకే వియన్నాలోనో జాగ్రెబ్‌లోనో ఉన్న కన్సల్టెన్సీల ద్వారా నీటి ఇంజనీర్లుగా, ఐటీ ఆర్కిటెక్టులుగా మనవాళ్లు రావచ్చు. సీవీ వాళ్ల ఫార్మాట్‌లో ఉండాలి, ప్రతి ఉద్యోగానికీ రుజువు ఉండాలి, "2011 నుంచి 2014 దాకా" అంటే ఏ నెల నుంచి ఏ నెలకి అని అడుగుతారు, అనుభవం ఏళ్లు కాదు నెలల్లో లెక్కేస్తారు. వీసా, రెసిడెన్స్ పర్మిట్ మాత్రం మీ బాధే, ఈయూ ప్రాజెక్ట్ కదా అని ఏ కౌంటర్‌లోనూ ఎవరూ లేచి నిలబడరు.

ఇక ఈమధ్య పేపర్లలో వినే 6 బిలియన్ల గ్రోత్ ప్లాన్ గురించి కూడా అడిగాడు మావాడు. అది 2024 నుంచి 2027 దాకా బాల్కన్ దేశాలకి, 2 బిలియన్లు గ్రాంట్, 4 బిలియన్లు అప్పు, సంస్కరణలు చేసి చూపిస్తే ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వాలకి విడుదలవుతుంది. అందులో ఎన్జీవో కాల్ కోసం వెతక్కండి. ఉక్రెయిన్‌కి 50 బిలియన్ల ఫెసిలిటీ కూడా అదే తరహా, అదీ ఇపా కాదు. 2028 తర్వాత అసలు ఇపా అనే పేరే విడిగా ఉండకపోవచ్చు, గ్లోబల్ యూరప్ అని ఒకే పెద్ద ఫండ్‌లో కలిపేద్దామని 2025 జులైలో కమిషన్ ప్రతిపాదన పెట్టింది. పేరు మారినా టైమ్‌షీట్లు పోతాయని నాకైతే ఆశ లేదు.

చివరగా సబ్మిట్ రోజు. డెడ్‌లైన్ బ్రసెల్స్ టైం, స్కోప్యేలో, టిరానాలో, బెల్‌గ్రేడ్‌లో అదే టైం కాబట్టి గొడవ లేదు, అంకారాలో ఉంటే గడియారం చూస్కోండి. ఆ రోజు ఆఖరి రెండు గంటలు పోర్టల్ మన కరెంటాఫీసు కౌంటర్‌లాగే ఉంటుంది, గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికే ఎక్కించెయ్యండి, డిక్లరేషన్ మీద సంతకం పెట్టాల్సిన డైరెక్టరమ్మ ఆ వారం ఓహ్రిద్ సరస్సుకి వెళ్లట్లేదని ముందే కనుక్కోండి, సబ్మిట్ కొట్టాక టైమ్ ముద్ర ఉన్న రసీదు పీడీఎఫ్ వస్తుంది, అది డౌన్‌లోడ్ చేసి ఇద్దరికి మెయిల్ చెయ్యండి. మావాడు నిన్న రాత్రి 11:40కి నాకు పంపాడు ఆ రసీదు, డెడ్‌లైన్ ఇవాళ సాయంత్రం 4కి.